జానెడు దూరంలో ఫ్యూజు

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫొటో పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను. రేడియో బయటికి లాగి పెట్టావు. వెనక వైర్ల గుత్తి వేలాడుతోంది. నీ వేలు పసుపు వైరు మీద ఉంది. కింద "మామయ్యా, చార్జరు వైరు దీనికి చుట్టేసి టేపు వేస్తే సరిపోద్దిగా?" అని రాశావు. ఆగమని అప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు ఆగాలో ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కాగితం పెట్టుకుని కూర్చున్నాను. తీరిగ్గా చదువు. చదివాకే స్క్రూడ్రైవరు పట్టుకో.

నీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నీకు ఫోను కూడు పెట్టే వస్తువు. ఆర్డరు అందులోనే వస్తుంది, దారి అందులోనే కనపడుతుంది, డబ్బులూ అందులోనే పడతాయి. పొద్దున ఆరింటికి బండి తీస్తే రాత్రి పదింటిదాకా దాని తెర వెలుగుతూనే ఉండాలి. బండితో వచ్చిన సాకెట్టులో చార్జరు గుచ్చితే గతుకు గతుక్కీ ఊడొస్తోందన్నావు. బెంజి సర్కిల్ దగ్గర కస్టమరు కూర్చుని ఉండగానే ఫోను ఆరిపోయిందన్నావు. ఆ సాకెట్టు పుట్టింది ఫోను కోసం కాదు నాయనా. సిగరెట్టు ముట్టించే లైటరు కోసం పెట్టిన గుంట అది. లైటరు కాసేపు అందులో కాగి బయటికొచ్చేది, దాని పని అంతే. ప్లగ్గుకు పక్కల రెండు స్ప్రింగు రేకులు, కొసన ఒక మొన. వాటితోనే రోజంతా పట్టుకోమంటే ఎంతసేపు పట్టుకుంటుంది? మీ నాన్న బండికైతే, "మంచి కంపెనీ చార్జరొకటి కొని సాకెట్టులో పెట్టుకోండి బావా, వైర్ల జోలికి పోవద్దు" అనేవాణ్ని. రోజుకు గంట తిప్పే బండికి అది చాలు. నీకు చాలదు. అందుకని వద్దనను. ఎలా చెయ్యాలో చెబుతాను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. సాకెట్టులో గుచ్చిన చార్జరు నీ కళ్ల ముందే ఉంటుంది. వేడెక్కితే చెయ్యి తగులుతుంది, వాసనొస్తే లాగి పారేస్తావు. డ్యాష్‌బోర్డు వెనక పెట్టి ప్యానెల్ మూసేశాక ఆ వైరును నువ్వు మళ్లీ చూడవు. బండి అమ్మేస్తే కొన్నవాడికి అక్కడ వైరుందనే తెలియదు. బయట ఉన్న వైరుకు నీ కళ్లే కాపలా. లోపల దాచిన వైరుకు నువ్వు ఈ రోజు చేసే పనే కాపలా. నేను రాసేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

నువ్వు చిన్నపిల్లాడివి అప్పుడు, గుర్తుండదు. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఒక కారును తాడు కట్టి ఆటోనగర్‌లో మా షెడ్డుకు లాక్కొచ్చారు. సెల్ఫ్ తిరగట్లేదు, లోపలంతా కాలిన ప్లాస్టిక్ వాసన. కూర్చున్న పెద్దాయన చేతులు ఇంకా వణుకుతున్నాయి. హైవే మీద కాళ్ల దగ్గర్నుంచి పొగ వచ్చిందట. బండి ఆపి, వెనక సీట్లో ఉన్న మనవరాలిని చంకనేసుకుని పరిగెత్తాడట. స్టీరింగు కింద ప్యానెల్ విప్పాను. ఒక ఎర్ర వైరు, బ్యాటరీ దగ్గర్నుంచి లోపలిదాకా, మూరన్నర మేర తొక్కంతా కారిపోయి, నల్లబడ్డ రాగి పోగులు మాత్రం మిగిలాయి. పక్కనున్న కంపెనీ వైర్ల కట్టకు కూడా అంటుకుని, దాని పైతొడుగు కరిగి ముద్దయింది. వెంబడే పోయి చూస్తే, ఇంజన్ గదికీ లోపలికీ మధ్య రేకు ఉంటుందే, దానికి బెజ్జం కొట్టి రబ్బరు గ్రామెట్ లేకుండా వైరు దూర్చారు. రేకు అంచు కత్తి లాంటిది. బండి ఊగినప్పుడల్లా తొక్కను కొంచెం కొంచెం కోసింది. కోసి కోసి ఒక రోజు రాగి బాడీకి తగిలింది.

ఆ వైరు చివర ఉన్నది ఫోను చార్జరే. విప్పి బల్ల మీద వేరే బ్యాటరీకి పెట్టి చూశాను. పచ్చ లైటు వెలిగింది. ఫోను పెడితే చార్జింగు ఎక్కింది. చార్జరు చెక్కుచెదరలేదు, కాలింది దానికి తెచ్చిన వైరు. బ్యాటరీ దగ్గర్నుంచి చార్జరు దాకా ఆ వైరు దారిలో ఎక్కడా ఫ్యూజు లేదు. పది రూపాయల ఫ్యూజు.

అది ఎవరు బిగించారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. కానీ ఆ మనవరాలు షెడ్డు బయట వేపచెట్టు కింద కూర్చుని సోడా తాగుతున్న దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఆ రోజు నుంచి ఎవరి బండిలో ఏ కొత్త వైరు లాగినా ఫ్యూజు ముందు బిగించి, తర్వాతే మిగతా పని మొదలుపెట్టాను.

చాలామంది కారు కరెంటును తేలిగ్గా తీసుకునేది అది షాకు కొట్టదు కాబట్టి. నిజమే, 12 వోల్టులు చేతికి తగిలినా ఏమీ అనిపించదు. కానీ వోల్టులు తక్కువైనా ఆ బ్యాటరీలో ఆంపియర్లకు కొదవ లేదు. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 100 ఆంపియర్లు దాటి లాగుతుంది, బ్యాటరీ చులాగ్గా ఇచ్చేస్తుంది. అదే 100 ఆంపియర్లు నీ సన్నపు వైరులో షార్టై పారాయనుకో, 12తో హెచ్చవేస్తే 1200 వాట్లు. మీ అత్తయ్య ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. ఆ పెట్టె వేడంతా అగ్గిపుల్లంత వైరులోకి దిగితే ఏమవుతుందో ఆలోచించు. నా ఎడమచేతి ఉంగరం వేలి చుట్టూ ఉన్న మచ్చ చూసి చిన్నప్పుడు "ఇదేంటి మామయ్యా" అని అడిగేవాడివి. బ్యాటరీ ప్లస్ బోల్టు విప్పుతుంటే స్పానరుకూ బాడీకీ మధ్య నా ఉంగరం పడింది. రెప్పపాటు కూడా పట్టలేదు, మాంసం కాలింది. కాబట్టి పనిలో దిగేముందు ఉంగరం, చేతికున్న కడియం తీసి డబ్బాలో పెట్టు. బ్యాటరీ మైనస్ ముందు విప్పు, అన్నీ అయ్యాక చివర బిగించు. మైనస్ ఊడిపోయాక ప్లస్ మీద స్పానరు బాడీకి తగిలినా ఏమీ కాదు. ఈ వరుస ఎప్పుడూ తప్పకు.

ఫ్యూజు గురించి ఇంకొంచెం చెప్పనీ, అసలు సంగతి అక్కడే ఉంది. "చార్జరులో లోపలే ప్రొటెక్షన్ ఉంది, డబ్బా మీద రాశాడు" అన్నావు నువ్వు. ఉండొచ్చు. ఆ రక్షణ చార్జరుకు, ఫోనుకు. దాని దాకా వచ్చే వైరును అది కాపాడలేదు. వైరు మధ్యలో నలిగి బాడీకి తగిలితే కరెంటు చార్జరు దాకా పోనే పోదు, అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతుంది. అందుకని ఫ్యూజు కరెంటు తీసుకునే చోటే ఉండాలి. జానెడు దూరం దాటకూడదు. ఫ్యూజుకు ముందున్న ఆ జానెడు వైరుకు ఏ కాపలా లేదు. తర్వాతది ఎంత పొడవున్నా ఫ్యూజు చూసుకుంటుంది. ఫ్యూజును చార్జరు పక్కన పెట్టి "పెట్టాంగా" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. అది వాకిలి తెరిచి పెట్టి బీరువాకు తాళం వేసినట్టు.

ఎంత ఫ్యూజు? లెక్క కట్టుకుందాం. నువ్వు కొన్నదానికి రెండు పోర్టులు, ఒకటి 20 వాట్లు, ఇంకొకటి 18. రెండూ నిండుగా పనిచేస్తే 38. మార్పిడిలో కొంత వేడిగా పోతుంది కాబట్టి లోపలికి 43 వాట్ల దాకా కావాలి. 12తో భాగిస్తే మూడున్నర ఆంపియర్ల పైచిలుకు. 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. లేత గోధుమ రంగులో ఉంటుంది. 10 అయితే ఎరుపు, 15 నీలం, 20 పసుపు. 5 ఆంపియర్లది మాటిమాటికీ పోతుంటే 10 వెయ్యమని ఎవడైనా సలహా ఇస్తే వినకు. పోతోందంటే లోపల ఏదో చెప్తోంది, అది వెతకాలి. ఇక సిగరెట్టు పెట్టె వెండి కాగితం చుట్టి ఫ్యూజు చోట పెట్టేవాళ్లున్నారు చూడు, వాళ్ల బండి ఎక్కను కూడా ఎక్కకు. వైరు 1 చదరపు మిల్లీమీటరుది తీసుకో. బండ్లకు వాడే వైరే అడుగు. ఇంటి వైరింగులో మిగిలిన ముక్క వద్దు. బండి వైరులో సన్నటి పోగులు ఎక్కువ, ఊగినా విరగదు. తొక్క ఇంజన్ వేడికి, నూనెకు తట్టుకునేలా చేస్తారు.

ఇప్పుడు నీ పసుపు వైరు దగ్గరికి వద్దాం. బయట కొని పెట్టే రేడియోల్లో పసుపు అంటే తాళం తీసినా కరెంటుండే వైరు. స్టేషన్లు, గడియారం గుర్తుండటానికి అది కావాలి. ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్తు. కంపెనీ బిగించిన వైర్లకు ఈ రంగులు వర్తిస్తాయని నమ్మకం లేదు. ఒక్కో కంపెనీవాడిది ఒక్కో లెక్క. రంగును కాదు, మీటరును నమ్ము. సరే, అది పసుపే అనుకుందాం. దానికి చార్జరు కలిపావంటే ఫోను పెట్టినా పెట్టకపోయినా రాత్రీ పగలూ చార్జరు మేలుకునే ఉంటుంది. నువ్వు కొన్నదానికి వోల్టులు చూపించే నీలం అంకెలు కూడా ఉన్నాయి. అలాంటిది ఊరికే ఉన్నా 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకో. రోజుకు దాదాపు అర ఆంపియర్ అవరు. నెలకు 15. నీ బ్యాటరీ 35 ఆంపియర్ అవరుది. బండిలో గడియారం, కంప్యూటర్లు, తాళం తాలూకు బోర్డు వాటి వాటా అవి తాగుతూనే ఉంటాయి. రోజూ తిరిగే బండికి ఇది తెలియదు. పోయినేడు మీ అమ్మ ఆపరేషనప్పుడు నెలరోజులు బండి తీయలేదు చూడు, అలాంటప్పుడు తెలుస్తుంది. తెల్లారుజామున ఆసుపత్రికి పోవాల్సొచ్చి తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప సెల్ఫ్ తిరగదు. బ్యాటరీ నిండుగా ఉండి, బండి ఆగి ఉంటే మీటరులో 12.6 వోల్టులు చూపాలి. 12.2కు దిగిందంటే సగం అయిపోయినట్టు. మధ్యలో పోయింది అర వోల్టు కూడా కాదు. చూసేవాడికి తేడాగా కనపడదు.

అందుకని తాళం తిప్పితేనే వచ్చి, తాళం తీస్తే పోయే లైనులోంచే తీసుకో. బండిలో నీ కోసం అలాంటి లైను ఒకటి వేసే ఉంచారు. ఆ సాకెట్టుదే. గుంట వదులైంది గానీ దాని వెనక లైను గట్టిదే, చాలా బండ్లలో 15 ఆంపియర్ల ఫ్యూజుంటుంది. స్టీరింగు కింద ఎడమనో కుడినో ఫ్యూజు డబ్బా ఉంటుంది. మూత లోపలివైపు ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ వేసి ఉంటుంది. ఫ్యూజు ట్యాపు అని దొరుకుతుంది, ఒక ఫ్యూజు ఉన్న చోట రెండు కూర్చోబెట్టే చిన్న ముక్క. ఒక గదిలో పాత ఫ్యూజును పాత నంబరుతోనే పెడతావు, రెండో గదిలో నీ 5 ఆంపియర్లది. కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయక్కర్లేదు. నీకు ఇష్టం లేనినాడు పీకేస్తే బండి బండిలాగే ఉంటుంది. వారంటీవాడితో గొడవా ఉండదు.

ఆ ట్యాపులో ఒక కిటుకుంది. పెట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. దానికి రెండు కాళ్లు. ఒక కాలు రెండు ఫ్యూజులకూ ఉమ్మడి. రెండోది పాత ఫ్యూజుకు మాత్రమే. ఉమ్మడి కాలు కరెంటు వచ్చే వైపు పడాలి. తిరగేసి పెట్టినా చార్జరు పనిచేస్తుంది, అందుకే ఎవరూ గమనించరు. కానీ అప్పుడు నీ చార్జరు కరెంటు కూడా పాత ఫ్యూజులోంచే పోతుంది, దాని మీద బరువు పెరుగుతుంది. ఏ వైపో తెలుసుకోవడం తేలికే. పాత ఫ్యూజు పీకు, తాళం ఆన్‌లో పెట్టు. మీటరు నల్ల కొస బాడీకి ఆనించి ఎర్ర కొసతో ఆ రెండు చీలికల్నీ ముట్టుకో. 12 చూపించేదే కరెంటు వచ్చే వైపు. తర్వాత తాళం తీసి మళ్లీ చూడు, సున్నా రావాలి. ఈ పరీక్షకు బ్యాటరీ కలిపే ఉండాలి కాబట్టి ముందే చేసి గుర్తు పెట్టుకుని, తర్వాత మైనస్ విప్పు. ట్యాపు సైజు కూడా చూసుకో, ఫ్యూజుల్లో చాలా సైజులొచ్చాయి. పట్టనిది బలవంతంగా నొక్కితే లోపలి రేకులు విడిపోయి పట్టు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది.

కొన్ని ఫ్యూజుల జోలికి అసలు పోవద్దు. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటరు, పెట్రోలు పంపు, హెడ్‌లైట్లు. నీ బండికి సీఎన్‌జీ కూడా ఉంది కాబట్టి ఆ కిట్టు తాలూకు ఫ్యూజూ అంతే. నేను పని నేర్చుకున్న అంబాసిడర్లో వైర్లు వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. ఒక వైరు తప్పు కలిపితే ఒక లైటు వెలగదు, అంతే. ఇప్పటి బండిలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ అనే పద్ధతి అది. ఆ మాటలు పోయే వైర్లు రెండు రెండుగా పురి పెట్టి ఉంటాయి. పురి పెట్టిన జత కనపడితే చెయ్యి వెనక్కి తీసుకో. పసుపు తొడుగు, పసుపు కనెక్టరు కనపడితే ఇంకా వెనక్కి తీసుకో, అది ఎయిర్‌బ్యాగుది. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి, తర్వాత పక్క సీటుకూ వచ్చింది. అందుకని నీ బండిలో పసుపు తొడుగులు స్టీరింగు కిందా ఉంటాయి, పక్క సీటు ఎదుటి డ్యాష్‌బోర్డు వెనకా ఉంటాయి, సీట్ల కింద కూడా ఉండొచ్చు. మా కాలపు టెస్ట్ ల్యాంపుతో వాటిని గుచ్చి చూడటం చాలా ప్రమాదం. బల్బు లాగే కరెంటుకే ఎయిర్‌బ్యాగు పేలొచ్చు.

జాయింటు సంగతి. ఫొటోలో నీ పక్కన నల్ల టేపు చుట్ట కనపడింది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు మన ఎండల్లో ఎన్నాళ్లుంటుందో చెప్తాను విను. మేలో ఎండలో నిలబెట్టిన బండి డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి టేపు జిగురు కరిగి కారుతుంది. పాత బండి విప్పినప్పుడు వేళ్లకు నల్లగా బంకలాగా అంటుకుని కిరోసిన్‌తో గానీ పోనిది అదే. జిగురు పోయాక టేపు విచ్చుకుంటుంది, మెలి వదులవుతుంది. వదులైన మెలిలోంచి కరెంటు పారితే వేడి, వేడికి ఇంకా వదులు. వైరును కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా దొరుకుతాయి. చిటికెలో పనైపోతుంది గానీ లోపలి రేకు కొన్ని పోగుల్ని కోసేస్తుంది, అక్కడ చెమ్మ చేరి పచ్చగా చిలుము పడుతుంది. నేను వాటిని షెడ్డులోకే రానివ్వలేదు.

నువ్వు ఇలా చెయ్యి. వైరు కొసన చిటికెనవేలి గోరంత మేర తొక్క తియ్యి. పోగు ఒక్కటి కూడా తెగకూడదు. తెగితే ఆ ముక్క కత్తిరించి మళ్లీ మొదలుపెట్టు, బాధపడకు. ముందుగానే, వేడికి ముడుచుకుని బిగిసే ష్రింకు స్లీవు ముక్క వైరుకు ఎక్కించి ఉంచు. వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క, అదే లగ్గు, పెట్టాక గుర్తొస్తే మళ్లీ కోయాల్సిందే. లగ్గులో పోగులు నిండుగా దూరాలి. క్రింపింగ్ ప్లయరుతోనే నొక్కు, కటింగ్ ప్లయరుతో చితక్కొట్టొద్దు. నొక్కాక ఒక చేత్తో లగ్గు, ఒక చేత్తో వైరు పట్టుకుని గట్టిగా గుంజు. జాలి పడకు. నీ చేతికి ఊడొచ్చేదైతే బండి కుదుపుకు ఎప్పుడో ఊడుతుంది. ఇప్పుడే ఊడనీ. అది నిలిస్తే స్లీవు జరిపి వేడి చెయ్యి. టంకం పెట్టనా అని అడుగుతావేమో. మా మేస్త్రీ టంకమే పెట్టేవాడు, చెయ్యి తిరిగినవాడు కాబట్టి నిలిచేది. టంకం పాకినంత మేర వైరు పుల్లలా బిరుసవుతుంది. ఊగే బండిలో ఆ పుల్ల ఆగిన చోటే విరుగుతుంది. లగ్గే మంచిది.

ఎర్తు కోసం దూరం పోకు. ఫ్యూజు డబ్బా దగ్గర్లో రేకుకు బిగించిన బోల్టు ఉంటుంది. ఎయిర్‌బ్యాగు బోర్డు బిగించినది మాత్రం కాకుండా చూసుకో. పెయింటు మీద పెడితే ఎర్తు రాదు. ఎమెరీ కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, రింగు లగ్గు పెట్టి బిగించు. పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. బ్యాటరీ మైనస్‌కే నేరుగా పెట్టేస్తానని అనొద్దు. ఇప్పటి చాలా బండ్లలో ఆ మైనస్ క్లాంపు మీద కరెంటు కొలిచే సెన్సరుంటుంది. దాన్ని దాటేసి పెడితే బండి లెక్క తప్పుతుంది.

వైరు లాగే దారిలో పెడళ్లు కదిలే చోటు, స్టీరింగు రాడ్డు, గ్లోవ్ బాక్సు మూత ముడుచుకునే చోటు, ఏసీ బ్లోయరు, పదునైన క్లాంపులు తప్పించు. ముడతల ప్లాస్టిక్ గొట్టంలో వైరు దూర్చి, కేబుల్ టైలతో కంపెనీ కట్ట పక్కనే బిగించు. ఊగకూడదు, బిర్రుగానూ ఉండకూడదు. వెనక సీటువాళ్లకు కూడా ఒక పోర్టు పెట్టాలనుంది అన్నావు. పెట్టు, కానీ సీటు పట్టాల కింద నుంచి లాగకు. సీటు జరిగినప్పుడల్లా నలుగుతుంది. తలుపు అంచు ప్లాస్టిక్ కింద నుంచి తీసుకురా. డిక్కీలో సిలిండరు దగ్గరికి మాత్రం ఏ వైరూ పోవద్దు.

ఇంకొకటి, ఎందుకో ఎవరూ పట్టించుకోరు. చార్జరు పెట్టెను ఫ్యూజు డబ్బా దగ్గర దాచి, అక్కణ్నుంచి ఫోను దాకా పొడవాటి యూఎస్‌బీ కేబుల్ లాగొద్దు. తిరగేసి చెయ్యి. 12 వోల్టుల వైరు పొడవుగా ఫోను దాకా తీసుకెళ్లి, చార్జరును అక్కడ పెట్టి, కేబుల్ మూరెడు చాలనుకో. 12 వోల్టుల్లో దారిలో కొంచెం పోయినా చార్జరు సర్దుకుంటుంది. 5 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఫోనుకు మిగిలేది నాలుగే. సన్న తీగల కేబుల్ రెండు మీటర్లుంటే, రెండు ఆంపియర్లు లాగేసరికి దారిలోనే వోల్టు పైగా పోతుంది. "చార్జింగు ఎక్కుతోంది గానీ పర్సెంటు పెరగట్లేదు" అని నువ్వు మొత్తుకునేది అందుకే కావచ్చు. ఎండ ఇంకో కారణం. అద్దం వెనక ఎండలో మ్యాపు తెరతో కాలిపోతున్న ఫోను తన బ్యాటరీని కాపాడుకోవడానికి చార్జింగు తనే తగ్గించుకుంటుంది. హోల్డరు ఏసీ గాలి తగిలే చోటుకు మార్చు. ఎయిర్‌బ్యాగు మూత మీద కాకుండా.

చార్జరు మీద 12-24 వోల్టులు అని రాసి ఉండటం మంచిదే. బండి నడుస్తున్నప్పుడు లైనులో 14 వోల్టుల దాకా ఉంటుంది, అప్పుడప్పుడూ క్షణకాలం ఇంకా పైకి ఎగురుతుంది. సరిగ్గా 12కే కట్టిన చవక బోర్డు నిలవదు. మీ ఫ్రెండు లారీకి కూడా పెట్టాలన్నావు కదా, దాంట్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులుంటే మామూలు 12 వోల్టుల చార్జరు కాలిపోతుంది. "ఒక బ్యాటరీ నుంచే 12 తీస్తే పోలా" అని లారీలవాళ్లు చేస్తారు. చెయ్యనివ్వకు. ఒక బ్యాటరీ ఎప్పుడూ అరిగిపోతూ, రెండోది ఎప్పుడూ పొంగుతూ రెండూ పోతాయి. 24 తీసుకునే చార్జరే కొనమను.

అంతా అయ్యాక ప్యానెల్ మూసేయాలనే తొందర నీకు తప్పకుండా వస్తుంది, నాకు తెలుసు. మూయకు. రెండు ఫోన్లూ బాగా దిగిపోయి ఉన్నప్పుడు పెట్టి, అరగంట ఇంజన్ తిప్పి, ఫ్యూజునీ జాయింటునీ ఎర్తు బోల్టునీ చేత్తో ముట్టుకో. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చుర్రుమంటే విప్పి మళ్లీ చేద్దాం. తర్వాత ఎప్పుడైనా నడిచేటప్పుడు కాలిన వాసన వచ్చిందా, కస్టమరున్నా ఆర్డరున్నా చూడకు. పక్కకు ఆపు, తాళం తియ్యి, అందర్నీ దింపు.

ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని ఇంటికి రా. మీటరు, క్రింపింగ్ ప్లయరు నా దగ్గరున్నాయి. ట్యాపు, 5 ఆంపియర్ల ఫ్యూజులు ఒక నాలుగు, వైరు, గ్రామెట్లు నువ్వు తెచ్చుకో. నా కళ్లు ఇప్పుడు డ్యాష్‌బోర్డు కింద అంత బాగా ఆనవు. టార్చి నేను పడతాను, పని నువ్వు చెయ్యి. అప్పటిదాకా ఆ రేడియోను దాని గూట్లో పెట్టేసి, పసుపు వైరు జోలికి పోకు. పనయ్యాక రాత్రికి బండి ఇక్కడే ఉంచు. తాళం తీసి అరగంట ఆగాక బ్యాటరీ ఎంత తాగుతోందో మీటరు పెట్టి చూద్దాం. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే నాకు నిద్ర పడుతుంది. తెల్లారి నేనే సెల్ఫ్ కొట్టి చూసి, ఆ తర్వాత ప్యానెల్ బిగించి పంపిస్తాను.

మీ మామయ్య